మాట్లాడే పొద్దు లేని మార్గశిరం

తుపాను పేరు ఎలా పలకాలో తేలకముందే అది మా చేల మీదుగా వెళ్లిపోయింది. ఒక పత్రిక మిగ్‌జాం అని రాసింది, ఇంకొకటి మిచౌంగ్ అంది. పేరు పెట్టింది మయన్మార్ కాబట్టి మనకు నోరు తిరగకపోవడంలో వింత లేదు. 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం అది బాపట్లకు దక్షిణంగా, గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. ఆ రోజంతా టీవీల్లో బాపట్ల పేరు మోగిపోయింది. ఆరో తేదీకి ఆ పేరు తెర కింద పరిగెత్తే గీతలోకి దిగింది. ఎనిమిదో తేదీకి అక్కడా లేదు.

నేను హైదరాబాదు నుంచి ఊరికి చేరింది తొమ్మిదో తేదీ తెల్లవారుజామున. బస్సు దిగేసరికి రోడ్డుకు అవతల ఉండాల్సిన రావిచెట్టు లేదు. తెల్లగా, దట్టంగా మంచు. కొమ్మమూరు కాలువ గట్టు వెంట నడుస్తుంటే నీళ్ల చప్పుడు వినబడుతోంది కానీ నీళ్లు కనబడటం లేదు. మురిగిన గడ్డి వాసన ఊరి మొదట్లోనే ఎదురొచ్చింది. బాబాయి తువ్వాలు తలకు చుట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"వాన తగ్గిందిగా బాబాయ్, ఇక ఫరవాలేదు" అన్నాను. పట్నం నుంచి వచ్చిన ప్రతివాడూ అనే మాటే.

"వానతో నాకు పేచీ లేదురా. వచ్చింది, పోయింది. ఇప్పుడు నాకు ఎండ కావాలి. అది ఎవడిస్తాడు?" అన్నాడు.

ఆ ప్రశ్న అప్పటి నుంచి నా వెంటే ఉంది. కోస్తాలో నవంబరు, డిసెంబరుల్లో పెద్ద వాన పడిన తరువాత పది పన్నెండు రోజుల పాటు ఒక రకమైన శీతకాలం నడుస్తుంది. పగలు చల్లగా, రాత్రి జిగటగా, పొద్దున మంచుతో, మధ్యాహ్నం మబ్బుతో ఉండే కాలం అది. తుపానుకు పేరుంది, దానికి లేదు. తుపాను చేసిన నష్టాన్ని అధికారులు ఎకరాల్లో రాసుకుంటారు. ఈ పన్నెండు రోజులు చేసిన నష్టాన్ని మాత్రం రైతు అజాగ్రత్త ఖాతాలో వేస్తారు. నన్నడిగితే ఈ పన్నెండు రోజులూ తుపానులో భాగమే. తుపాను హెచ్చరికలోనూ ప్రభుత్వ ధాన్యం కొనుగోలు నిబంధనలోనూ దానికి చోటు లేకపోవడం వల్లనే, వాన వదిలిపెట్టిన ధాన్యం కూడా మనకు దక్కడం లేదు.

ముందు ఆ చలి సంగతి చెప్పాలి, ఎందుకంటే అది అంకెల్లో దొరకదు.

వాన నానబెట్టిన నేల తడిగుడ్డ లాంటిది. పొద్దున కాసిన ఎండలో పెద్ద వాటా ఆ తడిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. గాలిని వేడెక్కించడానికి మిగిలేది కొంచెమే. అందుకే పగలు వేడి ఎక్కదు. రాత్రి మబ్బు విడిపోయి గాలి ఆగిందంటే నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకుని ఉన్న గాలి చల్లబడుతుంది, దానిలో అప్పటికే నిండుగా ఉన్న తేమ పొగమంచవుతుంది. ఆవిరి నీటిబొట్టుగా మారేటప్పుడు కాస్త వేడి వదులుతుంది. పైగా తేమగాలి దుప్పటిలా నేల వేడిని కొంత పట్టి ఉంచుతుంది. దాంతో రాత్రి ఉష్ణోగ్రత మరీ కిందికి పోదు. పగలు ఎక్కదు, రాత్రి దిగదు. ఉతికిన పంచె రెండు రోజులైనా ఆరదు, దుప్పటి కప్పుకుంటే అదే చల్లగా తగులుతుంది, అగ్గిపుల్ల గీస్తే మందు రాలిపోతుంది. ఆ ఉదయం ఫోను చూస్తే 21 డిగ్రీలు. మా అమ్మ స్వెట్టరు మీద శాలువా కప్పుకుని ఉంది.

వాతావరణ శాఖ లెక్కలో ఇది చలే కాదు. తీర ప్రాంతంలో శీతల గాలులు అని ప్రకటించాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగాలి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తక్కువగా ఉండాలి. ఆ కొలత తప్పని నేను అనను. ఆదిలాబాదులోనో సిర్పూరులోనో పాదరసం ఒంటి అంకెకు పడిపోయినప్పుడు మనుషుల ప్రాణాలకే ముప్పు, దానికి హెచ్చరిక ఉండి తీరాలి. అయితే అది పొడి చలి. తెల్లవారాక రెండు గంటల్లో ఎండ చురుక్కుమంటుంది, కల్లంలో ధాన్యం గలగలలాడుతుంది. మా దగ్గరి తడి చలి మనిషిని చంపదు, గింజను చంపుతుంది. పత్రికలకు మాత్రం డిసెంబరు వచ్చిందంటే లంబసింగి ఒక్కటే కావాలి. పర్యాటకులు మంచులో చేతులు చాపి నిలబడిన ఫొటో మొదటి పేజీలో పడుతుంది. అదే రోజు, అదే రాష్ట్రంలో, అదే మంచు కింద బరకాలు కప్పుకున్న ధాన్యం రాశుల ఫొటో జిల్లా పేజీలో, అదీ ప్రకటనలకు పోను చోటు మిగిలితే. పోనివ్వండి, ఇది నా పాత కోపం.

మార్గశిరంలో మాట్లాడే పొద్దుండదు, పుష్యంలో పూస గుచ్చే పొద్దుండదు అని మన పెద్దలు అన్నారు. ఈ సామెతను నేను చిన్నప్పుడు ఆడవాళ్ల ఇంటిపని గురించి అనుకునేవాణ్ణి. ఆ డిసెంబరులో కల్లం దగ్గర కూర్చున్నాక అసలు సంగతి అర్థమయింది. బాపట్ల ఉన్న అక్షాంశం మీద డిసెంబరు మూడో వారంలో పగలు పదకొండు గంటలకు కాస్త పైన. జూన్ పగలుతో పోలిస్తే రెండు గంటలు తక్కువ. ఆ పదకొండులో మంచు విడేసరికి తొమ్మిదిన్నర. బరకం మీద నిలిచిన నీళ్లు తుడిచి, రాశి విప్పి, పరిచేసరికి పదిన్నర. నాలుగు దాటితే గాలిలో మళ్లీ చెమ్మ తిరుగుతుంది, ఐదు లోపల ఎగదోసి కప్పేయాలి. ఏతావాతా ఐదారు గంటలు. అందులో మబ్బు ఎన్ని గంటలు తింటుందో ఎవరూ చెప్పరు.

బాబాయి వ్యవసాయం ఐదెకరాలు, అందులో మూడు కౌలు. సాంబ మసూరి. బాపట్ల పరిశోధన కేంద్రంలోనే పుట్టిన రకం, బీపీటీ 5204 అని అంకెతో పిలిస్తేనే మా ఊళ్లో త్వరగా అర్థమవుతుంది. అన్నానికి దానికి సాటి లేదు, గాలికి ఒరిగిపోవడంలోనూ లేదు. తుపాను ముందు రోజుకు రెండెకరాలు కోసి పనల మీద ఉంది, మూడెకరాలు నిలబడి ఉంది. నిలబడింది పడుకుంది, పడుకున్నది తేలింది. విచిత్రం ఏమిటంటే అవే చేలకు ఆగస్టులో నీళ్లు లేవు. 1901 తరువాత దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు లేదని ఆ సంవత్సరం లెక్కలు తేల్చాయి. కాలువ చివరి భూములు కాబట్టి మురుగు కాలువకు ఆయిల్ ఇంజన్లు పెట్టి, డీజిలు పోసి, ఒక్కొక్క మడీ తడిపి బతికించిన పైరు అది. నీళ్లు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం, నాట్లు ఆలస్యమైతే కోత డిసెంబరులో పడుతుంది. నూట యాభై రోజుల పంటకు ఆ లెక్క తప్పదు. ఆగస్టు కరవే చేతులారా తెచ్చి డిసెంబరు తుపాను నోటికి అందించింది.

పనల మీద ఉన్న రెండెకరాలను ఎత్తి గట్టు మీద పరిచారు. వెన్ను తడిలో మూడు రోజులుంటే గింజ మొలకెత్తుతుంది. కొన్ని రకాలకు కోతయ్యాక కొద్ది రోజుల నిద్ర ఉంటుంది, తడిసినా వెంటనే మొలక రాదు. నిద్ర తక్కువ ఉన్నవాటికి ఉప్పు నీళ్లే గతి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద చల్లమని వ్యవసాయ శాఖ చెబుతుంది. మంచి సలహా, పని చేస్తుంది కూడా. ఊరి కిరాణా కొట్లో కల్లుప్పు ఒక్క పూటలో అయిపోయింది. నూర్చిన ధాన్యం తడిస్తే క్వింటాకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలపాలి అన్నది రెండో సలహా. ఆ వారంలో మా మండలంలో పొడి ఊక చూపించినవాడికి నేను దండ వేసేవాణ్ణి.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి.

మా తాతయ్య కాలంలో కూడా తుపానులు డిసెంబరులో వచ్చాయి, మంచు కూడా ఇలాగే పడింది. అప్పటి రైతు గింజను ఎండబెట్టడానికి ఎండను ఇంతగా దేబిరించలేదు. కారణం కుప్ప. కోసిన పనలు చేలోనే మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, కట్టలు కట్టి, మెరక చూసుకుని కుప్ప వేసేవారు. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి. పైకి పోయేకొద్దీ వాలు తీసుకుంటూ, చివర గడ్డితో కప్పు. వాన పడితే జారిపోతుంది, మంచు పడితే పై మొదళ్లే తడుస్తాయి. లోపల గింజ గడ్డి చాటున నిదానంగా ఆరుతుంది. నూర్పు సంక్రాంతికి ముందో వెనకో. కుప్ప వేయడం అందరికీ చేతనయ్యే పని కాదు. వాలు తప్పితే లోపలికి నీళ్లు దిగి కుప్ప మొత్తం వేడెక్కి పాడైపోతుంది. మా ఊళ్లో కుప్ప వేయడానికి ఇద్దరు ముగ్గురికే పేరు, వాళ్లను ముందుగా చెప్పి పెట్టుకోవలసి వచ్చేది. మేం పిల్లలం కుప్ప ఎక్కితే తన్నులు తినేవాళ్లం. గడ్డి కప్పు చెదిరితే ఏమవుతుందో అప్పుడు మాకెవరూ విడమరిచి చెప్పలేదు.

ఇప్పుడు కోత మిషను వస్తుంది. చేను తడిగా ఉంటే చైను మిషను, గంటకు అద్దె ఎక్కువ. ఉదయం నిలబడి ఉన్న పైరు మధ్యాహ్నానికి ట్రాక్టరులో ధాన్యం. తేమ ఇరవై పైనే. నెల రోజుల పాటు కుప్ప ఓపికగా చేసిన పనిని ఇప్పుడు మూడు రోజుల్లో తారు రోడ్డు చేయాలి. అందుకే డెల్టాలో ఏ రోడ్డు చూసినా సగం ధాన్యానిది. రాశి చుట్టూ పెట్టిన రాళ్లు మంచులో కనబడక మోటారు సైకిళ్లు పడిపోతాయి. అలా పడినవాళ్లలో నేనూ ఉన్నాను, మోకాలి మీద మచ్చ ఇంకా పోలేదు. ఆ రాయి పెట్టినవాణ్ణి తిట్టుకున్నాను కూడా. మరి అతను ఎక్కడ ఎండబెట్టాలి? కల్లాలున్న మెరకలన్నీ ఇళ్ల స్థలాలయ్యాయి, చెరువు గట్లు రోడ్లయ్యాయి.

పాత రోజులు బంగారం అని పాడటానికి ఈ మాట ఎత్తలేదు. కుప్ప వేయాలంటే కోతకు, కట్టేతకు, మోతకు, నూర్పుకు ఎకరానికి ఎంతమంది కావాలో లెక్క వేసుకుంటే, ఇవాళ ఆ కూలి ఇచ్చి రైతు బతకలేడు. ఇచ్చినా మనుషులు దొరకరు. దొరకకపోవడం మంచిదే, వాళ్ల పిల్లలు చదువుకుని వేరే పనులకు వెళ్లారు. పైగా కౌలు రైతుకు నెల రోజులు ఆగే ఓపిక లేదు. ఎరువుల కొట్టు బాకీ ఆగదు, కౌలు బస్తాలు ఆగవు. నేను చెప్పేది ఇంతే: కుప్ప పోయినప్పుడు దానితో పాటు ఒక నెల గడువు కూడా పోయింది. ఆ గడువుకు బదులుగా ఇంకేదైనా పెట్టామా అంటే, బరకం పెట్టాం.

పదో తేదీ నుంచి నేను చిన్న పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. బాబాయి నవ్వాడు, రాస్తే ఆరుతుందా అని. కొనుగోలు కేంద్రంలో తేమ చూసే చిన్న యంత్రం ఉంది. రోజూ ఒక గుప్పెడు పట్టుకుని వెళ్లేవాణ్ణి. మొదటి రోజు 24. రెండో రోజు ఎండ బాగా కాసింది, 21. మూడో రోజు మబ్బు, రాశి విప్పనే లేదు. నాలుగో రోజు పొద్దున చూస్తే 22. పెరిగింది! యంత్రం చెడిపోయిందని నేను గొడవ పడ్డాను. అక్కడి కుర్రాడు ఓపికగా చెప్పాడు, మంచుగాలిలో ధాన్యం తేమ పీలుస్తుంది సార్, కప్పినా పీలుస్తుంది అని. అతను చెప్పింది అక్షరాలా నిజం. గింజ గాలితో బేరం ఆడుతూనే ఉంటుంది, గాలి పొడిగా ఉంటే ఇస్తుంది, తడిగా ఉంటే తీసుకుంటుంది. మనం ఐదు గంటల్లో తీసిన తేమలో కొంత, పదమూడు గంటల రాత్రి వెనక్కి పెట్టేస్తుంది.

ఆ మధ్యలోనే కార్తీక అమావాస్య వెళ్లి పోలి పాడ్యమి వచ్చింది. తెల్లవారుజామున ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలువలో వదిలారు. రెండు బారలు పోయేసరికి దీపం మంచులో కలిసిపోతోంది. మా పిన్ని దీపం వదిలి, దండం పెట్టుకుని, తలెత్తి ఆకాశం చూసింది. పోలి స్వర్గానికి పోయిందో లేదో గాని, ఆ పూట మా పిన్ని అడిగింది స్వర్గం కాదని నాకు గట్టి నమ్మకం.

నిబంధన ప్రకారం ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు అన్నీ కలిపి 5 శాతం లోపు ఉండాలి. ఆ ఏడు సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,183 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు సుమారు 1,637. మా ధాన్యం చివరికి కొనుగోలు కేంద్రంలో 17.6 చూపించింది. అప్పటికి తుపాను దాటి రెండు వారాలు. ఆ కుర్రాడు మంచివాడు, రాసేశాడు. లారీ మిల్లుకు వెళ్లింది. మిల్లులో యంత్రం 19 చూపించింది. బస్తాకు ఐదు కిలోలు తరుగు అన్నారు. ఒప్పుకోకపోతే లారీ వెనక్కి తీసుకెళ్లమన్నారు. వెనక్కి తెస్తే బాడుగ ఎవరిది, తెచ్చాక పెట్టేది ఎక్కడ, రేపు మళ్లీ మంచు పడితే? బాబాయి ఒప్పుకున్నాడు. నేను పక్కనే ఉండి కూడా ఏమీ అనలేకపోయాను. ఇంటికి వచ్చి లెక్క వేశాను.

పందొమ్మిది శాతం తేమ ఉన్న 75 కిలోల బస్తాలో నీళ్లు పోగా ఉండే సరుకు 60.75 కిలోలు. అదే సరుకు 17 శాతం తేమతో ఉంటే తూగేది 73.2 కిలోలు. అంటే మిల్లు చెప్పిన అంకెనే నమ్మినా తరుగు రెండు కిలోల లోపు. కేంద్రంలో చూపించిన 17.6 నిజమైతే అర కిలో. ఐదు కిలోలు తరగాలంటే తేమ ఇరవై రెండున్నర ఉండాలి! ఈ లెక్కకు పెద్ద చదువేమీ అక్కర్లేదు, ఎనిమిదో తరగతి పిల్లలు చేసే శాతాల లెక్క. ఏ తేమకు ఎన్ని కిలోల తరుగో ఒక పట్టిక రాసి గోడకు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? మా కేంద్రంలో గోడ మీద చాలా బొమ్మలున్నాయి, ఆ పట్టిక ఒక్కటే లేదు.

మిల్లు వైపు వాదన కూడా నాకు తెలుసు, చెప్పకపోతే అన్యాయం. ప్రభుత్వం కొని మిల్లుకు పంపిన వంద కిలోల ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం ఆయన తిరిగి ఇవ్వాలి. పగలు ఎండి, రాత్రి మంచుకు మళ్లీ తడిసి, మళ్లీ ఎండిన గింజ లోపల సన్నటి పగుళ్లు వస్తాయి. పైకి కనబడవు. మరలో పడ్డాక విరిగి నూకలవుతాయి. యంత్రం తేమను చెప్పగలదు, పగులును చెప్పలేదు. కాబట్టి మిల్లు యజమాని ఆ భయాన్ని కూడా తరుగులో కలిపేస్తాడు. ఆయన భయం నిజం. ఆ భయం ఖరీదు మొత్తం బాబాయి జేబు నుంచి పోవడమే అన్యాయం. మంచు కురిసింది ఇద్దరి మీదా కదా. గోదావరి జిల్లాల్లో ఉప్పుడు బియ్యం మిల్లులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఉడకబెట్టి ఎండించిన ధాన్యంలో పగుళ్లు చాలా వరకు అతుక్కుంటాయి, నూక తగ్గుతుంది. తడిసిన ధాన్యాన్ని ముందే వేరు చేసి అటు పంపించే ఏర్పాటు ఉంటే రైతుకూ మిల్లుకూ సగం తగవు తీరుతుంది. అలాంటి ఏర్పాటు మాత్రం నష్టం జరిగిపోయాకే అందరికీ గుర్తొస్తుంది.

ప్రతి పెద్ద వాన తరువాతా నడిచే తంతు చూడండి. రాష్ట్రం కొనుగోలు నిబంధనల్లో సడలింపు కోరుతుంది. కేంద్రం నుంచి బృందం వస్తుంది, నమూనాలు తీసుకుంటుంది, పరీక్షలకు పంపుతుంది. ఉత్తర్వు వచ్చేసరికి చిన్న రైతు ధాన్యం దళారి గోదాములో ఉంటుంది. సడలింపు లాభం ఎవరికి చేరిందో వేరే చెప్పనక్కర్లేదు. ఈ కోరడాలు, రావడాలు ఎందుకసలు? మండలాల్లో వర్షమాపకాలు ఉన్నాయి. కోతల కాలంలో ఒక మండలంలో ఇన్ని మిల్లీమీటర్లు మించి పడితే, మర్నాటి నుంచి ఇన్ని రోజులు తేమ హద్దు ఇంత, రంగు మారిన గింజ హద్దు ఇంత, దానికి ధరలో కోత ఇంత అని ముందే రాసి పెట్టుకుంటే సరిపోదా? ధరలో న్యాయమైన కోతకు రైతు అడ్డు చెప్పడు. అడ్డగోలు తరుగుకే ఆయన ఏడుపు.

"అలా చేస్తే రేషను కార్డు పేదవాడికి ముక్కిన బియ్యం పోవా" అని హైదరాబాదులో ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. నా జవాబు: ఇప్పుడు కూడా ఆ ధాన్యం ఎక్కడికీ పోవడం లేదు. దళారి దాన్ని చవకగా కొని, మంచి ధాన్యంలో కలిపి, అదే గొలుసులోకి పంపుతాడు. చాటుగా కలిసేదాన్ని లెక్కలోకి తెమ్మంటున్నాను, అంతే.

రెండో ప్రశ్న ఇంకొంచెం గుచ్చుకునేది. తుపాను వస్తోందని ముందే చెప్పారు కదా, ఎందుకు కోశారు? కోయనివాళ్లను కూడా ఇదే గొంతుతో అడుగుతారు, ఎందుకు కోయలేదని. కోస్తే పనలు తేలతాయి, కోయకపోతే పైరు పడిపోతుంది. డెబ్బై రెండు గంటల ముందు తెలిస్తే పడవలు ఒడ్డుకు లాగొచ్చు, మనుషుల్ని బడిలోకి తరలించొచ్చు. డెబ్బై రెండు గంటల్లో ఐదెకరాలు కోసి, ఆరబెట్టి, గోదాముకు చేర్చడం ఏ రైతు వల్లా కాదు.

హెచ్చరికల వ్యవస్థను నేను తక్కువ చేయడం లేదు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేల మంది పోయారు. మా అమ్మకు అప్పుడు పన్నెండేళ్లు, ఇప్పటికీ ఆ రాత్రి గురించి గట్టిగా మాట్లాడదు. ఇవాళ అంతటి ప్రాణనష్టం లేదంటే ఆ శాస్త్రవేత్తల చలవే. తుపాను హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి: 72 గంటల ముందు, 48 గంటల ముందు, 24 గంటల ముందు. నాలుగోది, తీరం దాటడానికి 12 గంటల ముందు వచ్చేది, తీరం దాటిన తరువాత ఏం జరుగుతుందో చెప్పే సూచన. ఆ పేరు విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే అది లోపలి జిల్లాల్లో గాలి ఎంత, వాన ఎంత అనే వరకే. ఐదో దశ ఒకటి కావాలి. వచ్చే పది రోజుల్లో మంచు ఏ రోజున ఎప్పటికి విడవచ్చు, మబ్బు ఎంత, పగటి తేమ ఎంత, ధాన్యం ఆరే గంటలు ఎన్ని. దీనికి కొత్త శాస్త్రమేమీ అక్కర్లేదు. మంగళ, శుక్రవారాల్లో జిల్లాలకు వచ్చే వ్యవసాయ వాతావరణ సూచనల్లో మబ్బు, తేమ, గాలి అంకెలు ఉంటూనే ఉన్నాయి. వాటి కింద సలహా దగ్గరికి వచ్చేసరికి "ధాన్యాన్ని బాగా ఆరబెట్టుకోవాలి" అని ఉంటుంది. ఆరబెట్టుకోవాలని తెలియని రైతు ఎవరు? ఎప్పుడు అన్నది చెప్పండి.

వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో ఒక పాత పరికరం ఉంటుంది. లోహపు గిన్నెలో కూర్చోబెట్టిన గాజు గోళం. ఎండ కాస్తే గోళం ఆ ఎండను ఒక బిందువుకు తెచ్చి వెనకున్న అట్ట మీద సన్నటి కాలిన గీత గీస్తుంది. మబ్బు వస్తే గీత ఆగిపోతుంది. సాయంత్రం ఆ గీత పొడవు కొలిస్తే ఎన్ని గంటలు ఎండ కాసిందో తెలుస్తుంది. మా ఊరి ఎండకు ఇంత చక్కటి లెక్క ఉండగా, ఆ అట్ట మీద గీత లేని రోజులకు కొనుగోలు గడువులో మినహాయింపు ఇవ్వడం అంత కష్టమా అని నేను అడిగితే, బాబాయి "నువ్వు అర్జీ రాయరా" అన్నాడు. రాశాను. అందిందని రసీదు వచ్చింది.

మంచును ఇంతగా తిట్టాను కాబట్టి దానికి కాస్త న్యాయం కూడా చేయాలి. మా దగ్గర వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లుతారు. వరి పోయాక ఆ పదునులో మొలిచి, ఒక్క తడి కూడా లేకుండా, సంక్రాంతి మంచు తాగి పండుతుంది. ఏ ఇంజను పెట్టినా రాని పంట అది. మినుము రైతుకు మంచు పడని డిసెంబరు భయం. మరీ ఎక్కువ రోజులు పట్టుకుంటే మాత్రం తెగుళ్లు చేరతాయి. ఆ సంవత్సరం ముందు చల్లినవాళ్ల విత్తనాలు నీళ్లలో కుళ్లిపోయాయి. బాబాయి ఆలస్యంగా, నీళ్లు తీశాక మళ్లీ చల్లాడు, రెండోసారి విత్తనాల ఖర్చు పెట్టుకుని. పొద్దున ధాన్యం రాశి మీది బరకాన్ని చూసి మంచును తిట్టినాయన, చేలోకి వెళ్లి చిన్న మినుము ఆకుల మీద నిలిచిన బొట్లు చూసి ఊరుకున్నాడు. ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. "ఇక్కడ పడి అక్కడ పడకపోతే బాగుండును" అన్నాడు. రెంటికీ మధ్య ఇరవై గజాలు.

పడిపోయిన మూడెకరాల్లో దక్కింది తక్కువ. అందులో ఎవరూ కొననివి నాలుగు బస్తాలు మిగిలితే ఇంటికి తెచ్చి మర పట్టించారు. బియ్యం పసుపు పచ్చగా ఉన్నాయి, సగం నూకలు, అన్నం వండితే కాస్త ముక్కిన వాసన. పండక్కి నేను మళ్లీ వెళ్లాను. భోగి ముందు రోజు మా అమ్మ, పిన్ని ఆ బియ్యమే నానబోసి, పిండి కొట్టించి, అరిసెలు వండుతున్నారు. కొత్త బియ్యం కొనుక్కోవచ్చు కదా అన్నాను. అమ్మ పాకం చూస్తూనే, తల ఎత్తకుండా చెప్పింది, బెల్లంలో పడ్డాక రంగు తెలియదని. పిన్ని ఒక అరిసె నొక్కి నా చేతిలో పెట్టింది. వాసన కూడా తెలియలేదు.